డబ్బుకూ ఉందో పిన్‌కోడు!

మొన్న బెల్లం సీజన్లో పనిమీద అనకాపల్లి వెళ్లినప్పుడు ఓ బ్యాంకులో అరగంట కూర్చోవలసి వచ్చింది. బయట బండ్ల మీద దిమ్మలు, ఆ తియ్యటి వాసన... లోపల కౌంటరు ముందు బారెడు క్యూ. నా ముందున్న పెద్దాయన మునగపాక వైపు రైతు. బెల్లం అమ్మిన సొమ్ము ఖాతాలో పడింది. అందులోంచి 64 వేలు హైదరాబాద్‌లో ఉన్న బావమరిదికి పంపాలి. ఆయన దగ్గరుండి చదువుకుంటున్న కూతురి ఫీజు మర్నాడు పొద్దున్నే కట్టెయ్యాలి. అదే ఆఖరు రోజు.

ఆయన జేబులోంచి నలిగిన డైరీ తీశారు. ఎప్పుడో 2018లో అప్పు తీర్చినప్పుడు రాసుకున్న బావమరిది ఖాతా నంబరూ, కోడూ అందులో పదిలంగా ఉన్నాయి. వాటిని చూసి పక్కనున్న కుర్రాడి చేత ఫారం రాయించారు. కౌంటర్లోని అమ్మాయి రెండుసార్లు కొట్టి చూసి, ఫారం వెనక్కి ఇచ్చేసింది.

''ఈ కోడు ఇప్పుడు లేదు బాబాయ్. కొత్తది కావాలి.''

పెద్దాయన ముఖం పాలిపోయింది. ''ఎకౌంటు గానీ పోనాదేటమ్మా?''

''ఎకౌంటు ఎక్కడికీ పోలేదు. ఆ బ్యాంకు ఇంకో బ్యాంకులో కలిసిపోయింది కదా... కోడు మారింది. మీ బావమరిదికి ఫోన్ చేసి కనుక్కోండి.''

ఫోన్ చేశారు. మోగుతోంది గానీ అవతల ఎత్తడం లేదు. గోడ గడియారం మూడున్నర దాటింది. అరగంటలో కౌంటరు మూసేస్తారు. చేతిలో డబ్బుంది. పంపడానికి యంత్రముంది. లేనిదల్లా పదకొండు అక్షరాల కోడు. దాని కోసం ఓ తండ్రి బల్ల మీద కూర్చుని ఫోన్ వంక చూస్తున్నాడు.

ఆయనకు డబ్బు వెళ్లిందా లేదా అన్నది చివర్లో చెబుతాను. ఈలోగా ఆ కోడు సంగతేమిటో చూద్దాం. మన ఇళ్లలో ఇలాంటి పాత డైరీలు ఎన్ని ఉన్నాయో మరి!

పదకొండు గదుల బండి

పూర్వం ఊళ్లో ఉన్నవాళ్లకి డబ్బు పంపాలంటే మనియార్డరు. పెద్ద మొత్తమైతే డీడీ తీసి రిజిస్టర్డ్ పోస్టు. అది చేరి, వాళ్లు బ్యాంకులో వేసి, మారి చేతికొచ్చేసరికి వారం. ఆ తర్వాత రిజర్వుబ్యాంకు 2004 మార్చిలో ఆర్టీజీఎస్, 2005 నవంబరులో నెఫ్ట్ అనే పద్ధతులు తెచ్చింది. కాగితం కదలకుండానే డబ్బు కదిలే రోజులొచ్చాయి. అయితే ఉత్తరానికి పిన్‌కోడు కావలసినట్టే ఈ డబ్బుకీ ఓ చిరునామా కావాలి కదా. దేశంలోని లక్షకు పైగా శాఖల్లో ఏ శాఖకు వెళ్లాలో యంత్రానికి తెలియాలి. అందుకు పెట్టిందే ఐఎఫ్ఎస్ కోడు. విడదీసి చెబితే ఇండియన్ ఫైనాన్షియల్ సిస్టమ్ కోడ్.

ఇందులో సరిగ్గా పదకొండు గదులుంటాయి. మొదటి నాలుగూ బ్యాంకు పేరు... ఎప్పుడూ ఇంగ్లిషు అక్షరాలే. స్టేట్‌బ్యాంకుకు ఎస్‌బీఐఎన్, యూనియన్ బ్యాంకుకు యూబీఐఎన్, కెనరాకు సీఎన్ఆర్‌బీ. చివరి ఆరూ శాఖ గుర్తు. ఇవి సాధారణంగా అంకెలే అయినా, కొన్ని బ్యాంకులకు మధ్యలో అక్షరాలూ ఉంటాయి.

ఇక మిగిలింది అయిదో గది. ఇక్కడే ఎక్కువమంది బోర్లాపడతారు. అది ఎప్పుడూ సున్నాయే. 'ఓ' అక్షరం కాదు. చేత్తో రాసినప్పుడు రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టి ఫారం నింపేవాళ్లు, ఫోన్లో కొట్టేవాళ్లు 'ఓ' పెట్టేస్తుంటారు. అప్పుడు కోడు తప్పంటూ యంత్రం మొరాయిస్తుంది. మీ కోడు పనిచేయకపోతే మొట్టమొదట చూడవలసింది ఈ అయిదో గదినే.

చెక్కు కింద ఉండేది వేరు!

చెక్కు కింది భాగంలో తెల్లటి పట్టీ మీద వింత అంకెలు కనిపిస్తాయి. అందులో ఓ తొమ్మిది అంకెల సంఖ్య ఉంటుంది. దాన్ని చూసి ఇదే కోడనుకుని రాసేస్తారు కొందరు. అది ఎంఐసీఆర్ కోడు. చెక్కుల్ని యంత్రం చదివి వేరుచేయడానికి వాడేది. దాని మొదటి మూడంకెలు ఊరు, తర్వాతి మూడు బ్యాంకు, చివరి మూడు శాఖ. హైదరాబాద్‌కు 500, విశాఖపట్నానికి 530... అంటే పిన్‌కోడులోని మొదటి మూడంకెలే. మధ్యలో 002 ఉంటే స్టేట్‌బ్యాంకు. నెఫ్ట్‌కి, ఆర్టీజీఎస్‌కి దీంతో పనిలేదు. అంకెలు మాత్రమే ఉంటే ఎంఐసీఆర్, అక్షరాలతో మొదలైతే ఐఎఫ్ఎస్‌సీ... ఇంతే గుర్తు.

అమెరికాలో ఉన్న అబ్బాయి అక్కడి బ్యాంకు నుంచి నేరుగా పంపుతానంటే ఇంకో కోడు అడుగుతాడు... స్విఫ్ట్ కోడు. అందులో ఎనిమిది గాని, పదకొండు గాని అక్షరాలుంటాయి. ఇది అన్ని శాఖలకూ ఉండదు. మీ శాఖకు లేకపోతే ఏ శాఖ ద్వారా రావాలో మేనేజరునే అడిగి రాయించుకోండి.

ఎక్కడ దొరుకుతుంది?

అన్నిటికన్నా దగ్గరి చోటు మీ చెక్కుబుక్కు. చెక్కు పైభాగంలో శాఖ చిరునామా పక్కన ఉంటుంది. పాస్‌బుక్ మొదటి పేజీలోనూ ఉంటుంది. బ్యాంకు యాప్‌లో ఖాతా వివరాలు తెరిచినా కనిపిస్తుంది. అయితే చెక్కుబుక్కూ పాస్‌బుక్కూ ఎప్పటివో చూసుకోండి. బ్యాంకు విలీనానికి ముందువైతే వాటి మీదున్న కోడు ఇప్పుడు చెల్లకపోవచ్చు.

అవతలివాళ్ల శాఖ కోడు కావాలంటే ఆ బ్యాంకు సొంత వెబ్‌సైటులో చూడొచ్చు. రిజర్వుబ్యాంకు వెబ్‌సైటులోనూ బ్యాంకు పేరు, శాఖ పేరు ఇచ్చి వెతికే వీలుంది. అనకాపల్లి వాళ్లకు ఇక్కడో చిక్కుంది. ఊరి పేరును ఇంగ్లిషులో కొందరు చివర 'ఐ' పెట్టి, కొందరు 'ఈ' పెట్టి రాస్తారు. రైల్వేస్టేషన్ బోర్డు మీద ఒకలా, జిల్లా పేరులో ఇంకోలా ఉంటుంది. ఒకలా కొడితే దొరక్కపోతే రెండోలా కొట్టి చూడండి. అలాగే అనకాపల్లి జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. కొన్ని జాబితాల్లో ఈ ఊరు ఇంకా విశాఖపట్నం జిల్లా కిందే ఉండొచ్చు. జిల్లా పేరు చూసి, మన ఊరు లేదనుకుని వదిలేయొద్దు. చోడవరం, ఎలమంచిలి, నర్సీపట్నం వాళ్లకీ ఇదే మాట.

ఇంకో జాగ్రత్త. ఇంటర్నెట్లో వెతగ్గానే ఎవరెవరివో వెబ్‌సైట్లు బోలెడు వస్తాయి. అన్నీ మోసం కాదు గానీ, చాలావాటిలో పాత కోడులు అలాగే ఉండిపోతాయి. అక్కడ కస్టమర్‌కేర్ అంటూ కనిపించే ఫోన్ నంబర్లకు మాత్రం అసలే చేయొద్దు. కోడు కనుక్కోబోయి ఓటీపీ చెప్పుకుని, ఉన్నదంతా ఊడ్చుకుపోయినవాళ్లున్నారు. ఐఎఫ్ఎస్ కోడు రహస్యమేమీ కాదు, ఎవరికైనా చెప్పొచ్చు. దాన్ని చెప్పడానికి మీ ఓటీపీ, పిన్ అడిగేవాడు మాత్రం కచ్చితంగా దొంగే.

బ్యాంకులు కలిశాయి... కోడులు మారాయి

మన పెద్దాయన కష్టానికి కారణం ఇదే. తెలుగువాళ్లకు బాగా అలవాటైన బ్యాంకులు ఒకటొకటిగా పెద్ద బ్యాంకుల్లో కలిసిపోయాయి. వైశ్యా బ్యాంకుగా మొదలైన ఐఎన్‌జీ వైశ్యా 2015 ఏప్రిల్ 1న కోటక్ మహీంద్రాలో కలిసింది. స్టేట్‌బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017 ఏప్రిల్ 1న భారతీయ స్టేట్‌బ్యాంకులో చేరింది. విజయా, దేనా బ్యాంకులు 2019 ఏప్రిల్ 1న బ్యాంక్ ఆఫ్ బరోడాలో కలిశాయి.

ఇక భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రాబ్యాంకు... 2020 ఏప్రిల్ 1న కార్పొరేషన్ బ్యాంకుతో పాటు యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో కలిసిపోయింది. అదేరోజు సిండికేట్ బ్యాంకు కెనరాలో చేరింది. బోర్డులు మారినా కొంతకాలం పాత కోడులు పనిచేశాయి. ఆ తర్వాత విజయా, దేనా కోడులు 2021 మార్చి 1 నుంచి, ఆంధ్రాబ్యాంకు, కార్పొరేషన్ బ్యాంకుల కోడులు 2021 ఏప్రిల్ 1 నుంచి, సిండికేట్‌వి 2021 జులై 1 నుంచి చెల్లకుండా పోయాయి.

కాబట్టి మీ దగ్గరున్న కోడు ఏఎన్‌డీబీ, ఎస్‌వైఎన్‌బీ, వీఐజేబీ, సీఓఆర్‌పీ, ఎస్‌బీహెచ్‌వై అని మొదలైతే అది పాతదే. మొదటి నాలుగక్షరాలూ మార్చేసి కింది అంకెలు ఉంచేస్తే సరిపోతుందనుకోవద్దు. శాఖ అంకెలూ మారతాయి. అలా ఊహించి రాస్తే అది ఏ ఊరి శాఖదో కావచ్చు. కొన్నిచోట్ల ఖాతా నంబరే మారింది. అందుకని కొత్త కోడుతో పాటు ఖాతా నంబరు కూడా అదేనా అని ఓసారి అడగండి.

గ్రామీణ బ్యాంకుల్లో ఖాతాలున్నవాళ్లు మరికాస్త జాగ్రత్తగా ఉండాలి. ఆంధ్రప్రదేశ్‌లోని గ్రామీణ బ్యాంకులన్నీ కలిసి 2025 మే 1 నుంచి 'ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు'గా మారాయి. ఉత్తరాంధ్ర పల్లెల్లో మనం చూసిన ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు శాఖలు ఇప్పుడు ఇందులో భాగమే. గ్రామీణ బ్యాంకులు కొన్ని తమ ప్రాయోజిత బ్యాంకు ఇచ్చిన ఒకే కోడును అన్ని శాఖలకూ వాడుతూ వచ్చాయి. ప్రాయోజిత బ్యాంకు మారితే కోడు మారడం మామూలే. మీ శాఖలో ఇప్పటి కోడును పాస్‌బుక్ మీద వేయించుకోండి.

పోస్టాఫీసు ఖాతాదారులకు మాత్రం హాయి. దేశమంతటికీ ఒకటే కోడు. పోస్టాఫీసు పొదుపు ఖాతాకైతే ఐపీఓఎస్, నాలుగు సున్నాలు, డీఓపీ. ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు ఖాతాకైతే ఐపీఓఎస్, ఆరు సున్నాలు, ఒకటి. పొదుపు ఖాతాలకు ఈ నెఫ్ట్ సదుపాయం 2022 మే నుంచి ఉంది. ఈ రెండు కోడుల్నీ తారుమారు చేయొద్దు. ఇక్కడ మూడో గదిలోది 'ఓ' అక్షరమే, అయిదోది సున్నా!

ఏ దారిన పంపాలి?

ఫోన్‌పేలూ గూగుల్‌పేలూ వచ్చాక ఈ కోడులతో పనేముందని అడగొచ్చు. చిన్న మొత్తాలకు నిజమే, యూపీఐ చాలు. కానీ దానికి మామూలుగా రోజుకు లక్ష పరిమితి. పొలం అడ్వాన్సు, పెళ్లిఖర్చు, ఇంటి కాంట్రాక్టరు బిల్లు దగ్గరకు వచ్చేసరికి మళ్లీ ఈ కోడే దిక్కు. ఆదాయపన్ను రిఫండు, పీఎఫ్ సొమ్ము, బీమా క్లెయిము... అన్నిటికీ ఇదే అడుగుతారు. పాత కోడు ఇచ్చి ఉంటే ఆ డబ్బు మీదాకా రాదు. బ్యాంకు మారినవాళ్లు ఇవన్నీ ఓసారి సరిచూసుకోవాలి.

నెఫ్ట్‌లో ఎంత చిన్న మొత్తమైనా పంపొచ్చు. అరగంటకో విడత చొప్పున రోజుకు 48 విడతల్లో డబ్బు కదులుతుంది. 2019 డిసెంబరు 16 నుంచి ఇది రాత్రీ పగలూ, సెలవుల్లోనూ నడుస్తోంది. ఆర్టీజీఎస్‌లో కనీసం రెండు లక్షలు పంపాలి. విడతల్లేకుండా వెంటనే వెళుతుంది. ఇది 2020 డిసెంబరు 14 నుంచి ఇరవైనాలుగు గంటలూ ఉంది. ఐఎంపీఎస్ అయిదు లక్షల దాకా అప్పటికప్పుడు చేరుస్తుంది.

అయితే ఇరవైనాలుగు గంటలూ అన్నది ఫోన్లోనో కంప్యూటర్లోనో పంపుకునేవాళ్లకి. శాఖకు వెళ్లి ఫారం ఇచ్చేవాళ్లకి కౌంటరు వేళలే. ఖర్చులోనూ తేడా ఉంది. పొదుపు ఖాతా నుంచి ఆన్‌లైన్లో నెఫ్ట్ చేస్తే రుసుము లేదు. శాఖలో చేయిస్తే పదివేల దాకా రెండున్నర రూపాయలు, లక్ష దాకా అయిదు, రెండు లక్షల దాకా పదిహేను, ఆపైన ఇరవై అయిదు రూపాయలకు మించకూడదు. జీఎస్టీ అదనం. ఖాతా లేనివాళ్లు కూడా నెఫ్ట్ సదుపాయమున్న శాఖలో నగదు కట్టి 50 వేల దాకా పంపొచ్చు.

అసలు ప్రమాదం కోడులో లేదు!

ఇంతసేపూ కోడు గురించి చెప్పుకున్నాం. నిజానికి కోడు తప్పయితే చాలాసార్లు మంచే జరుగుతుంది. లేని కోడును యంత్రం తీసుకోదు. ఖాతా జమ చేయడం కుదరకపోతే అవతలి బ్యాంకు డబ్బు వెనక్కి పంపేస్తుంది. నెఫ్ట్‌లో విడత ముగిసిన రెండు గంటల్లోగా జమ చేయాలి, లేదా తిప్పి పంపాలి. ఆలస్యం చేస్తే రెపో రేటు మీద రెండు శాతం కలిపి వడ్డీ ఇవ్వాలన్నది రిజర్వుబ్యాంకు నిబంధన.

భయపడవలసింది ఖాతా నంబరుకి. ఒక్క అంకె తప్పి, ఆ నంబరుతో నిజంగానే ఎవరిదో ఖాతా ఉందనుకోండి... డబ్బు వాళ్లకి జమ అయిపోతుంది. ''పేరు సరిగానే రాశాను కదా!'' అంటే లాభం లేదు. ఖాతా నంబరు ఆధారంగానే జమ చేయొచ్చని 2010లోనే రిజర్వుబ్యాంకు చెప్పింది. నంబరు సరిగా ఇవ్వవలసిన బాధ్యత పంపేవారిదే. అందుకే ఆన్‌లైన్లో ఆ నంబరును రెండుసార్లు అడుగుతారు.

ఈ లోటు తీర్చడానికి ఓ మంచి ఏర్పాటు వచ్చింది. నెఫ్ట్, ఆర్టీజీఎస్‌లలో డబ్బు పంపేముందే అవతలి ఖాతాదారు పేరు చూపించాలని రిజర్వుబ్యాంకు 2024 డిసెంబరు 30న ఆదేశించింది. 2025 ఏప్రిల్ 1లోగా బ్యాంకులు దీన్ని అమలు చేయాలని గడువు పెట్టింది. ఖాతా నంబరు, కోడు ఇస్తే పేరు కనిపిస్తుంది. దీనికి రుసుము లేదు. శాఖకు వెళ్లేవాళ్లకూ ఈ సదుపాయం ఉంది. కాబట్టి కౌంటర్లో ఫారం ఇస్తూ, ''పేరేం చూపిస్తోందమ్మా?'' అని ఒక్క మాట అడగండి. ఆ ఒక్క మాట లక్షల్ని కాపాడుతుంది.

కొత్త ఖాతాకు పెద్ద మొత్తం పంపేటప్పుడు ముందు ఒక్క రూపాయి పంపి, ''వచ్చిందా?'' అని ఫోన్ చేసి కనుక్కుని, తర్వాత మిగతాది పంపండి. నవ్వేవాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి.

పొరపాటు జరిగితే...

డబ్బు పంపగానే యూటీఆర్ నంబరు ఒకటి వస్తుంది. రసీదు మీదో, మెసేజిలోనో ఉంటుంది. దాన్ని పారేయొద్దు. డబ్బు చేరలేదంటే ముందు మీ బ్యాంకుకే వెళ్లి ఆ నంబరు చూపించి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. వేరేవాళ్ల ఖాతాలో పడితే బ్యాంకు తనంతట తాను అందులోంచి తీసుకోలేదు. ఆ ఖాతాదారును సంప్రదించి ఒప్పించాలి. అందుకే రోజులు గడవకముందే చెప్పడం ముఖ్యం. ముప్పై రోజుల్లో బ్యాంకు జవాబివ్వకపోయినా, జవాబు నచ్చకపోయినా రిజర్వుబ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. ఎవరో మోసం చేసి పంపించుకున్నారనుకుంటే మాత్రం ఒక్క నిమిషం ఆగకుండా 1930కి ఫోన్ చేయండి. డబ్బు చేతులు మారేలోపు ఆపే అవకాశం ఉంటుంది.

ఇంతకీ మన పెద్దాయన...

నాలుగుకు పది నిమిషాలుందనగా ఆయన ఫోన్ మోగింది. బావమరిది! డ్యూటీలో ఉండి చూసుకోలేదట. పెద్దాయన ఫోన్‌ను అలాగే కౌంటర్లోని అమ్మాయికి ఇచ్చేశారు. ఆమె ఒక్కో అక్షరం చెప్పించుకుని రాసుకుంది. ''అయిదోది సున్నాయే కదండీ?'' అని మళ్లీ అడిగింది. ఖాతా నంబరు కూడా చదివి వినిపించింది. తెర మీద కనిపించిన పేరు చదివితే పెద్దాయన గట్టిగా తల ఊపారు. ''ఆడే! మా బావమరిదే!''

రసీదు చేతికొచ్చాక ఆయన వెంటనే వెళ్లిపోలేదు. బల్ల మీద కూర్చుని డైరీ తీసి, పాత కోడును అడ్డంగా కొట్టేసి, కింద కొత్తది రాయించుకున్నారు. పక్కన ఆనాటి తేదీ కూడా వేయించారు. డబ్బు అందిందని కబురు వచ్చేసరికి ఆయన ఇంకా బయట అరుగు మీదే ఉన్నారు. ఫోన్ పెట్టేసి, కండువా దులుపుకుని, బస్టాండు వైపు నడిచారు.

ఈ ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మీరూ ఓ పని చేయండి. ఇంట్లో ఖాతాలన్నిటి పాస్‌బుక్కులూ ముందేసుకుని, ఇంటిల్లిపాదివీ ఖాతా నంబర్లు, ఇప్పటి కోడులు ఒక కాగితం మీద రాయండి. పైన తేదీ వెయ్యండి. పిన్‌లు, పాస్‌వర్డ్‌లు మాత్రం దానిమీద వద్దు. ఓ ప్రతి ఊళ్లో అమ్మానాన్నలకిచ్చి, పాత డైరీలో కోడును కొట్టేయమనండి. అవసరమన్నది కౌంటరు వేళ చూసుకుని రాదు కదా!